యాభై దగ్గర ఊగే రేకు

రైల్వేవాళ్లకు అది భాందక్, ఊరివాళ్లకు భద్రావతి. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో, నాగ్‌పూర్ నుంచి బల్లార్షా వచ్చే రైలు దారి మీద ఉంటుంది. నాగదేవత గుడికి, పార్శ్వనాథుడి జైన మందిరానికి, విజాసన్ బౌద్ధ గుహలకు యాత్రికులు వస్తుంటారు. చుట్టూ బొగ్గు గనులు, ఒక పక్క ఆయుధ కర్మాగారం. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి పని కోసం వచ్చి ఈ జిల్లాలోనే ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లలో మా అక్కా బావల కుటుంబం ఒకటి. బావ బొగ్గు విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో ముప్పై రెండేళ్లు షిఫ్టులు చేసి రిటైరయ్యాడు. మా అమ్మాయి అనంతపురం జిల్లాలో గాలిమరల సైట్‌లో ఇంజనీరు. మర్నాడు ఎంత కరెంటు రాబోతుందో పావుగంటకో అంకె చొప్పున, రోజుకు 96 గడులు నింపి, లోడ్ డిస్పాచ్ కేంద్రానికి ముందే పంపడం ఆమె పని.

మనవరాలికి చెవులు కుట్టిస్తున్నామని అక్క పిలిస్తే ఆగస్టులో వెళ్లాం. వేడుక పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందు గదిలో చాపల మీద కూర్చున్నాం. గోడకు, క్యాలెండర్ పక్కన, అరచేతి వెడల్పు నల్లటి పెట్టె ఒకటి వేలాడుతోంది. పాత సామాను వేలం వేసినప్పుడు బావ కొనుక్కున్న ఫ్రీక్వెన్సీ మీటరు అది. అద్దం వెనక తెల్లటి కొనలున్న సన్నటి ఇనుప రేకులు వరసగా ఉంటాయి, 47 నుంచి 53 దాకా, అర అంకె తేడాతో. ప్లగ్గులో పెడితే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో ఆ అంకె దగ్గరి రేకు మాత్రమే జోరుగా కొట్టుకుంటుంది. కొన కనపడదు, తెల్లటి చార కనిపిస్తుంది. అటూ ఇటూ ఉన్న రేకులు కాస్త వణుకుతాయి, అంతే. ఆ రోజు 50 దగ్గర చార నిలబడి ఉంది.

అమ్మాయి దాన్ని చూసి ముచ్చటపడి దగ్గరికి వెళ్లింది. అక్కడ మొదలైంది వాదం. సాయంత్రం టీ దాకా సాగింది. నాకు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

బావ: గా రేకును 50 కాడ నిలబెట్టుడే బిడ్డా, మా నౌకరి. ముప్పై రెండేళ్లు గదే చేసిన. మీ గాలిమరలు వచ్చినంక గా నౌకరి ఎవ్వలు చేస్తున్నరో చెప్పు. మీరైతే చేస్తలేరు.

అమ్మాయి: ఏ ఒక్క కేంద్రమూ ఒంటరిగా నిలబెట్టేది కాదుగా మామయ్యా. వాడకం, ఉత్పత్తి సమానంగా ఉంటే 50. వాడకం పెరిగితే యంత్రాలు బరువెక్కి నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ పడుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. గాలిమరలు లేనప్పుడు కూడా వాడకం ఎవరి చెప్పుచేతల్లోనూ లేదు. సాయంత్రం ఆరింటికి కోట్ల ఇళ్లలో ఒక్కసారే లైట్లు వేస్తే ఎవరు ఆపగలిగారు?

బావ: వాడకం రోజూ ఒక తీరుగ ఉంటది. పండుగనాడు ఎట్లుంటదో, వాన పడితే ఎట్లుంటదో మాకు ఎరుకే. గాలికి గా తీరు లేదు. పైగా గాలి సగం తగ్గితే కరెంటు సగం తగ్గుడు కాదు గదా?

అమ్మాయి: కాదు. ఎనిమిదో వంతుకు పడుతుంది. వేగం ఘనానికి లెక్క.

బావ: ఒప్పుకున్నవ్. సెకనుకు పది మీటర్లు వీచే గాలి అయిదుకు పడితే ఎనిమిది మెగావాట్లు ఒక్క మెగావాట్ అయితది. ఇంకా ఎక్కువ వీచి ఇరవై అయిదు దాటితే రెక్కలు విరుగుతయని మరనే ఆపుకుంటరు. తక్కువైనా లేదు, ఎక్కువైనా లేదు. గసొంటి దాని మీద ఊరిని నడిపిస్తరా?

అమ్మాయి: ఒక్క మరను చూస్తే మీరన్నది నిజం. కానీ ఒక గాలివాటు కొండ ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి నిమిషాలు పడుతుంది. జిల్లా దాటడానికి గంట పైనే. వంద మరలు కలిపి చూస్తే గీత మెల్లగా వంగుతుంది, తెగదు. అందుకే ముందు రోజే అంచనా వేయగలుగుతున్నాం. మీ 500 మెగావాట్ల యూనిట్ ట్రిప్పయితే? కన్ను మూసి తెరిచేలోపు 500 పోతాయి. ముందు రోజు ఎవరైనా చెప్పగలరా?

బావ కాసేపు మాట్లాడలేదు. ట్రిప్ అనే మాట కంట్రోల్ రూములో పనిచేసినవాళ్లకు మామూలు మాట కాదు. ఆయన చేతులు ఆడిస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. నేను చూసినంతలో ఆ రోజు వాదంలో అసలు విషయం అక్కడే ఉంది.

బావ: ట్రిప్పయితది, ఒప్పుకుంట. నా కండ్ల ముంగట ఎన్నోసార్లు అయింది. గాని మిగిలిన యంత్రాలు ఏం చేస్తయ్? తిరగలి చూసినవా ఎన్నడన్న? మీ అత్తమ్మ తిప్పుడు ఆపినా రాయి ఇంకో చుట్టు తిరుగుతది. టర్బైను గట్లనే. నిమిషానికి 3,000 చుట్లు, వందల టన్నుల ఉక్కు. గ్రిడ్‌ల ఎక్కడనో 500 పోతే ఎవ్వలు చెప్పకున్నా, ఏ కంప్యూటర్ ఆర్డర్ ఇయ్యకున్నా, ప్రతి యంత్రం తన తిరుగుడుల నుంచి ఇంత తీసి లోటుకు ఇస్తది. పూర్తి ఉత్పత్తికి మూడు నుంచి అయిదు సెకన్ల సరుకు గా చక్రంల దాగి ఉంటది. గా అయిదు సెకన్లలనే వేగం చూసే గవర్నర్ కండ్లు తెరుస్తది, ఆవిరి వాల్వు తెరుచుకుంటది. జలవిద్యుత్ వాళ్లు గేటు లేపుతరు. గా అయిదు సెకన్లు లేకుంటే పానం పోతది.

అమ్మాయి: ఇనర్షియా. దాన్ని నేను కాదనను.

బావ: మరి మీ మర రెక్క గూడ పెద్దదే. తిరుగుతనే ఉంటది. గాని గ్రిడ్‌కు అందుతదా? నడుమ కన్వర్టర్ పెట్టుకున్నరు. గాలి ఎట్లున్నా కరెంటు సక్కగ రావాలని పెట్టుకున్నరు. గా కన్వర్టరే గ్రిడ్ బాధ రెక్కకు తెలువనియ్యదు. ఇంటికి గడియ పెట్టుకుని పండుకున్నోనికి ఊళ్లె అగ్గి అంటుకున్నది తెలువదు.

ఇక్కడ చదువరులకు ఒక మాట చెప్పాలి. తొంభైల్లో అప్పటి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద పెట్టిన తొలి తరం మరలకు ఇలాంటి కన్వర్టర్ లేదు. అవి మామూలు ఇండక్షన్ యంత్రాలు, నేరుగా గ్రిడ్‌కు కట్టినవి. చక్రం బరువు గ్రిడ్‌కు కొంత అందేది, కానీ వోల్టేజిని నిలబెట్టే రియాక్టివ్ పవర్‌ను గ్రిడ్ నుంచే పీల్చుకునేవి. లైను చివర వోల్టేజి పడిపోయేది, పడగానే మరలు జారుకునేవి. ఆ జబ్బు కుదర్చడానికి వచ్చిన మందు కన్వర్టర్. అది ఇంకో జబ్బు తెచ్చిందని బావ అంటున్నాడు.

అమ్మాయి: గడియ పెట్టారు నిజమే, తలుపు మాత్రం ఇంకా ఉంది మామయ్యా. కన్వర్టర్‌కు చెబితే వింటుంది. ఫ్రీక్వెన్సీ పడటం గమనించగానే రెక్క తిరుగుడులోంచి కొన్ని సెకన్లు అదనంగా ఇమ్మని రాయవచ్చు. కెనడాలో క్యూబెక్ గ్రిడ్ వాళ్లు గాలిమరల వాళ్లకు ఈ నిబంధన ఎప్పుడో పెట్టారు. యంత్రానికి చేతకాదన్న మాట తప్పు. చేయమని అడిగామా, దానికి డబ్బిస్తామా అన్నది ప్రశ్న.

బావ: అడిగినంక చేస్తది. నా చక్రం అడగకుండనే చేస్తది. తేడా ఉన్నది. పైగా రెక్క నుంచి తీసుకున్నది మళ్లా రెక్కకు కట్టాలె. పది సెకన్ల తర్వాత మర నెమ్మదిస్తది, ఇచ్చేది తగ్గుతది. అప్పు చేసి పెట్టిన పెండ్లి లెక్క.

అమ్మాయి దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. బావ మాటలో బలం ఉంది. గాలిమర తన వేగంలోంచి తీసి ఇచ్చిన శక్తిని మళ్లీ గాలి నుంచే కూడదీసుకోవాలి, ఆ కాసేపు ఉత్పత్తి పడుతుంది. ఆ సందును బ్యాటరీయో జలవిద్యుత్తో పూడ్చాలి. ఆమె అదే చెప్పింది, కాకపోతే వేరే దేశం మీదుగా.

అమ్మాయి: 2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలో రాష్ట్రం మొత్తం చీకటైంది. మీరు అదే ఎత్తబోతున్నారని తెలుసు.

బావ: ఎత్తుత మరి. తుఫానుల 456 మెగావాట్ల గాలి కరెంటు సెకన్లల మాయమైంది. పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైను మీద అంత బరువు పడి అది తెగింది. ఎనిమిదిన్నర లక్షల కనెక్షన్లు పోయినయ్. చక్రాలు ఎక్కువున్న గ్రిడ్ అయితే గంత జల్ది పడిపోతుండెనా?

అమ్మాయి: అంత వేగంగా పడేది కాదు, నిజం. కానీ మరలు ఎందుకు తప్పుకున్నాయో చూడండి. సుడిగాలికి పెద్ద లైన్ల టవర్లు కూలాయి. రెండు నిమిషాల్లో వోల్టేజి ఆరుసార్లు కుంగింది. ప్రతిసారీ మరలు తట్టుకుని నిలబడ్డాయి. కానీ ఇన్ని నిమిషాల్లో ఇన్నిసార్లకు మించి తట్టుకోవద్దని కొన్నింటి లోపల ఒక సెట్టింగ్ ఉంది. కంపెనీ పెట్టిన ఆ అంకె గ్రిడ్ నడిపేవాళ్లకు తెలియదు. ఆ అంకె దాటగానే తప్పుకున్నాయి. గాలి ఆగలేదు, మర విరగలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె. తర్వాత దాన్ని మార్చారు. మరుసటి ఏడే అక్కడి హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు.

బావ: గదే నా భయం! ఉక్కు చక్రంల సెట్టింగ్ ఉండదు. ఇనుము ఇనుములెక్కనే ఉంటది. మీ కాడ వేల మరలు, ప్రతిదాంట్ల ఎవడో రాసిన అంకె.

అమ్మాయి: అందుకే నిబంధనలు. మన దగ్గర 2014 ఏప్రిల్ 15 తర్వాత వచ్చిన పెద్ద గాలి కేంద్రాలకు కేంద్ర విద్యుత్ అథారిటీ ఒక హద్దు గీసింది. వోల్టేజి 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీసెకన్లు వదలకుండా పట్టుకుని ఉండాలి. అంతకు ముందరివి ఉన్నాయి, వాటితో ఇబ్బంది ఉంది. నేను దాచను. రాజస్థాన్‌లో 2022లో సోలార్ వైపు కూడా ఒక్కో దెబ్బకు వెయ్యి మెగావాట్లకు మించి పోయిన రోజులున్నాయి. కాగితం మీద నిబంధన ఉంటే సరిపోదు, మర లోపల చూసి పరీక్షించాలి. ఆ పరీక్షలే నా ఉద్యోగంలో సగం.

ఆమె ఆ మాట అన్నప్పుడు గొంతులో ఉన్న పట్టుదల నాకు నచ్చింది. తప్పును తప్పు అంటూనే తన వైపు వదలకుండా నిలబడింది. ఈ విషయం మీద పేపర్లలో రాసేవాళ్లలో చాలామంది గాలిని ఆకాశానికి ఎత్తుతారు, లేదా గ్రిడ్‌కు శత్రువంటారు. బావ, అమ్మాయి రెండూ చేయలేదు.

తర్వాత మాట భద్రావతి మీదికి మళ్లింది. మళ్లక తప్పదు. ఈ ఊరి పక్కన ఉన్న హెచ్‌వీడీసీ (హై వోల్టేజి డీసీ) స్టేషన్ గురించి ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు. పవర్‌గ్రిడ్ సంస్థ తొంభైల చివర్లో కట్టింది. ఇటు చంద్రపూర్ నుంచి 400 కిలోవోల్టుల లైన్లు వస్తాయి, అటు రామగుండానికి 400 కిలోవోల్టుల లైన్లు పోతాయి. నడుమ ఒకే ప్రాంగణంలో ఏసీ డీసీ అవుతుంది, మళ్లీ ఏసీ అవుతుంది. ఒక్కోటి 500 మెగావాట్లవి రెండు. అప్పట్లో పడమటి గ్రిడ్ వేరు, దక్షిణాది గ్రిడ్ వేరు. రెండిటి ఫ్రీక్వెన్సీ వేరు కాబట్టి నేరుగా కలపడానికి వీలు లేదు.

బావ: మన ఊళ్లె మరాఠీ విని తెలుగుల చెప్పే దుబాసీలు ఎంతమంది లేరు? గా స్టేషన్ గసొంటిదే. ఇటు కరెంటు మాట విని, అటు వాళ్ల ఫ్రీక్వెన్సీల చెప్తది. సరుకు పోతది, జబ్బు పోదు. రామగుండంల నా దోస్త్ ఒకడు ఉండె. రాత్రి షిఫ్టుల ఫోన్ చేసుకునేటోళ్లం. 'మీకు ఎంత?' 'మాకు 49.2. మీకు?' 'మాకు 48.4, సావు.' రెండు వందల కిలోమీటర్లు లేదు నడుమ. గంట తేడా లేదు. రేకు మాత్రం వేరే కాడ ఊగుతుండె. ఒక్కోనాడు దక్షిణాదిల 48 కిందికి గూడ పోయేది. ఫ్యాన్లు తిరిగినట్టు ఉండేది గాని గాలి రాకపోయేది.

అమ్మాయి: 2012 జులై గురించి చెప్పండి మామయ్యా.

బావ: చెప్పాల్నా? 30న అర్ధరాత్రి దాటినంక రెండున్నరకు బీనా–గ్వాలియర్ లైను ట్రిప్పయింది. ఉత్తరాది మొత్తం పోయింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లా. ఈసారి ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ. అరవై కోట్ల మందికి పైగా కరెంటు లేదు. పడమర కొద్దిల తప్పించుకున్నది. దక్షిణాది? డీసీ గోడ అవతల ఉన్నది కాబట్టి బతికింది. అటు ఒడిశా తాల్చేర్ నుంచి రావాల్సిన కరెంటు పోయి కొంత వాటు తగిలింది గాని కూలలేదు. గా గోడల ఒక రాయి మన భద్రావతి. గా రోజు నేను షిఫ్టుల ఉన్న. మా మీటరు ఎగిరి ఎగిరి పడుతుంటే...

చెయ్యి పైకెత్తి ఆగిపోయాడు. అక్క లోపలి నుంచి వచ్చి మంచినీళ్లు ఇచ్చి వెళ్లింది.

అమ్మాయి: ఆ చీకటికి గాలిమరలు కారణం కాదు.

బావ: కాదు. ఎవ్వలి కోటా కన్న ఎక్కువ వాళ్లు గుంజుకున్నరు. పడమటి దిక్కు కరెంటు మిగిలింది, ఉత్తరానికి ఉన్న ఒక్క దారి మీద పడింది. గాలి పేరు నేను చెప్తలేను.

అమ్మాయి: ఇంకో సంగతి. ఆ గోడ ఆ రోజు మమ్మల్ని కాపాడింది, నిజమే. ఆ ఏడే మాకు ఏం జరిగింది? ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకు వారానికి మూడు రోజులు పవర్ హాలిడే. పడమట కరెంటు ఉంది, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. తెచ్చుకోవడానికి చాలినంత దారి లేదు. పవర్ ఎక్స్ఛేంజిలో దక్షిణాది ధర మండిపోయేది. చిన్న ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. గోడ వల్ల చీకటి రాలేదు అంటున్నారు. అది మా ఇళ్లకు గంటల లెక్కన రోజూ వచ్చింది, పేరు కోత.

దీనికి బావ తల ఊపాడు. 2013 డిసెంబరు 31 రాత్రి రాయచూరు–సోలాపూర్ 765 కిలోవోల్టుల లైను కలిపారు. దక్షిణాది మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలోకి వచ్చింది. భద్రావతి స్టేషన్ ఇప్పటికీ పనిచేస్తోంది, కానీ గోడగా కాదు. ఏసీ లైన్లకు పక్కన ఎంత పంపాలో చెప్పి పంపగలిగే తూములా ఉంది. గ్రిడ్‌లో భద్రత ఊరికే రాదనీ, దూరంగా ఉండి తెచ్చుకున్న భద్రతకు కోతల రూపంలో, కలిసి తెచ్చుకున్న భద్రతకు క్రమశిక్షణ రూపంలో ఖర్చు పెట్టాలనీ నేను అర్థం చేసుకున్నది ఈ కథ వల్లే. గాలి కరెంటు అడిగేది కూడా ఆ రెండో రకం ఖర్చే.

అమ్మాయి: కలిశాక ఏమైంది? మీరు దీనికి జవాబు చెప్పాలి. ఇప్పుడు దక్షిణాదిన గాలి ఎక్కువైన రాత్రి మా కరెంటు రాయగఢ్–పుగలూర్ డీసీ లైను మీద వెనక్కు, ఉత్తరానికి పోతుంది. ఛత్తీస్‌గఢ్ బొగ్గు కరెంటు తెచ్చుకోవడానికి కట్టిన లైనది. డెన్మార్క్ తన వాడకంలో సగానికి పైగా గాలి నుంచే తీస్తోంది. ఎలా? నార్వే జలాశయాలతో, జర్మనీ, స్వీడన్‌లతో లైన్లున్నాయి. గాలి ఉన్నప్పుడు అమ్ముతుంది, లేనప్పుడు కొంటుంది. గాలి ఒక్క ఊరికి భారం, పెద్ద గ్రిడ్‌కు సరుకు.

బావ: అమ్మేటోనికి, కొనేటోనికి ఇద్దరికీ ఒక్కసారే గాలి పడితే?

అమ్మాయి: అందుకే నీళ్లు. శ్రీశైలం ఎడమ గట్టు కింద 150 మెగావాట్లవి ఆరు యంత్రాలు, వెనక్కు తిప్పితే పంపులు. సాగర్‌లో కూడా అలాంటివి ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది కట్టారు. గాలి ఎక్కువైతే నీళ్లు పైకి ఎక్కించుకో, తక్కువైతే కిందికి దించు. 2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు దేశమంతా లైట్లార్పింది. 31,000 మెగావాట్ల వాడకం పడిపోయి మళ్లీ లేచింది. అంత పెద్ద ఎత్తుపల్లాన్ని ఏ గాలిమరా ఎప్పుడూ తేలేదు. జలవిద్యుత్ వాళ్లు తట్టుకున్నారు. ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 మధ్యే ఆగింది.

బావ: గప్పుడు మేమంతా రెండు రోజులు నిద్రపోలే. ముందే చెప్పిరి, టైము చెప్పిరి. గాలి చెప్పి వస్తదా? ఇంకొకటి. గాలి ఎక్కువ వచ్చిన రాత్రి ఎవ్వలు తగ్గాలె? మేమే. మాకు దూరం దక్షిణాది గాలే కాదు, మహారాష్ట్రల సాతారా, సాంగ్లీ, ధూలే గాలి గూడ ఉన్నది. వాన కాలం, గాలి జోరు, ఏసీలు బంద్. మా యూనిట్లను 55 శాతానికి దించుమన్నరు. 2023ల రూల్ పెట్టిరి. ముందు ముందు 40 అంటున్నరు. బాయిలర్ అంటే మీ అత్తమ్మ గ్యాస్ పొయ్యి కాదు బిడ్డా. తక్కువ లోడ్ మీద మంట నిలబడది, ఆయిల్ కాల్చాలె. ట్యూబులు వేడికి సాగి, సల్లకు ముడుసుకుని, మళ్లా సాగి, వెల్డు కాడ పగులుతయ్. నేను చూసిన. వేలు పట్టేంత ట్యూబు, సన్నటి గీత, అండ్లకెళ్లి కత్తిలెక్క ఆవిరి. పక్క ట్యూబును కోసేస్తది. మీ సస్తా గాలికి గా ట్యూబు ధర ఎవ్వలు కలుపుతున్నరు?

ఈ మాట దగ్గర ఆయన గొంతు పెరిగింది. లెక్కల్లో దొరకని ధర ఇది. గాలి యూనిట్ ఇంత అని రాసే చోట, దాన్ని సర్దుకోవడానికి బొగ్గు యంత్రం పడే అరుగుదల రాయరు. ఈ ఒక్క విషయంలో నేను బావ వైపే. అది గాలిని తప్పుపట్టడానికి కాదు. సర్దుకునేవాడికి కూలి కట్టివ్వాలి కాబట్టి.

అమ్మాయి: కలపాలి. నేను కలపమనే అంటున్నాను. దిగినందుకు, ఎక్కినందుకు కేంద్రానికి డబ్బివ్వాలి. కానీ ఇంకో వైపు కూడా వినండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒప్పందాలు తిరగదోడారు. గాలి యూనిట్‌కు 2 రూపాయల 43 పైసలకు దిగమన్నారు. కోర్టుకు వెళ్తే 2022 మార్చిలో హైకోర్టు అది చెల్లదంది. ఆ మధ్య కాలంలో గాలిమరలను ఆపమన్నప్పుడల్లా చెప్పిన కారణం గ్రిడ్ భద్రత. నిజంగా భద్రతేనా, లేక యూనిట్ ధర ఎక్కువని ఆపమన్నారా? 2021లో కేంద్రం రూల్ రాయాల్సి వచ్చింది. గాలి, సోలార్ కరెంటును గ్రిడ్ భద్రతకే ఆపాలి, డబ్బు కోసం ఆపితే పరిహారం ఇవ్వాలని. మామయ్యా, మీరు పవిత్రంగా చూసే మాటది, గ్రిడ్ భద్రత. దాన్ని ఎవరైనా బిల్లు తప్పించుకోవడానికి వాడితే ముందు మీకు కోపం రావాలి.

బావ లేచి మీటరు దగ్గరికి వెళ్లాడు. అద్దాన్ని తువ్వాలుతో తుడిచాడు.

బావ: వస్తది. 50కి కింద పడితే పడ్డదని రాయాలె, పడకుంటే పడలేదని రాయాలె. లాగ్ బుక్‌ల అబద్ధం రాసుడు నేను చూడలే. చూడ.

కాసేపటికి మళ్లీ అన్నాడు.

బావ: గాని బిడ్డా, మా యంత్రాలు పాతబడుతున్నయ్. బంద్ అయితున్నయ్. గా చక్రాలు ఆగినప్పుడు గా అయిదు సెకన్లు ఎవ్వలిస్తరు? మీరిస్తమంటే నాకేం కొట్లాట లేదు. ఎన్ని మెగావాట్లు, ఎన్ని సెకన్లు, ఎవ్వని బాధ్యత? కాగితం మీద రాసి సంతకం పెట్టాలె.

అమ్మాయి: కొన్ని చోట్ల పాత జనరేటర్‌నే ఆవిరి లేకుండా, గ్రిడ్ కరెంటుతోనే తిరగనిస్తున్నారు, సింక్రనస్ కండెన్సర్‌గా. బొగ్గు కాల్చక్కర్లేదు, చక్రం మాత్రం ఉంటుంది. వోల్టేజికీ పనికొస్తుంది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైంది. విచారణలో తేలింది వోల్టేజి అదుపు తప్పి పైకి పోవడం. అదుపు చేయాల్సిన కొన్ని మామూలు కేంద్రాలు కూడా చేయాల్సినంత చేయలేదు. అంటే చక్రం ఉన్నా, పని చేయకపోతే...

బావ: చక్రం ఉండి పని చెయ్యకపోతే గా తప్పు మనిషిది.

అమ్మాయి: నేనూ అదే అంటున్నాను. మర ఉండి పని చెప్పకపోతే కూడా తప్పు మనిషిదే.

ఇద్దరూ కాస్త నవ్వారు. అక్క టీలు తెచ్చింది. బయట వాన మొదలయ్యేలా మబ్బు పట్టింది, దూరంగా 400 కిలోవోల్టుల టవర్ల వరస మసకగా కనబడుతోంది. బావ టీ తాగుతూ మీటరు వైపే చూస్తున్నాడు.

బావ: మీ సైట్ల ఇప్పుడు ఫ్రీక్వెన్సీ ఎంతున్నది?

అమ్మాయి ఫోన్ తీసి సైట్‌లో షిఫ్టు కుర్రాడికి కలిపింది, స్పీకర్ పెట్టింది. అతని వెనకాల గాలి హోరు వినిపిస్తోంది. స్క్రీన్ మీద చూసి చెప్పాడు, 'మేడమ్, 49.98.'

బావ మీటరు ముందు వంగి నిలబడ్డాడు. 50 రేకు తెల్లగా కొట్టుకుంటోంది, పక్కన 49.5 రేకు సన్నగా వణుకుతోంది. అనంతపురం దాకా ఎన్ని వందల కిలోమీటర్లో లెక్క వేసుకుంటున్నాడేమో, పెదాలు కదిలాయి.

బావ: ఇక్కడ గూడ గంతే. రామగుండం దోస్త్‌కు ఆనాడు చెప్తే నమ్మకపోయేటోడు. ఆరు గంటలకు ఎంత వస్తదని రాసినవ్?

అమ్మాయి: నూట పన్నెండు.

బావ: ఇంకా అయిదు నిమిషాలున్నది. ఫోన్ పెట్టకు.